ఇన్‌కాగ్నిటోలో చూసినవి ఆఫీసుకు తెలుస్తాయా? జిరాక్స్ షాపులో అది సరిపోతుందా?

మీరు రెండు సంగతులు అడిగారు. భోజన విరామంలో ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేటు విండో తెరిచి వేరే ఉద్యోగాలు వెతుకుతున్నారు. అది మేనేజరుకు తెలిసే వీలుందా అన్నది మొదటిది. హాస్టల్ దగ్గరున్న జిరాక్స్ షాపులో మెయిల్ తెరిచి ఆధార్, సర్టిఫికెట్లు ప్రింటు తీసుకునేటప్పుడు కూడా ఇన్‌కాగ్నిటోనే వాడుతున్నారు. ఇంకేమైనా జాగ్రత్త అవసరమా అన్నది రెండవది.

ముందు జవాబు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. ఆఫీసు విషయంలో ఇన్‌కాగ్నిటో మిమ్మల్ని కాపాడదు. జిరాక్స్ షాపులో కొంతవరకు కాపాడుతుంది గానీ, అక్కడ మీకు అసలు ప్రమాదం తెచ్చిపెట్టే డౌన్‌లోడ్స్ ఫోల్డరును అది ముట్టుకోదు. నేను మొదట ఒక ఇంజినీరింగ్ కళాశాల ల్యాబులోను, తర్వాత చిన్న ఆఫీసుల్లోను నెట్‌వర్కు పని చూస్తూ వచ్చినవాణ్ణి. ఈ రెండు చోట్లా జనం ఎలా పొరబడతారో చాలాసార్లు చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మామూలు విండోలో మీరు ఏ సైటు చూసినా బ్రౌజరు ఆ చిరునామాను హిస్టరీలో రాసుకుంటుంది, ఆ సైటు ఇచ్చిన కుకీలను (మిమ్మల్ని మళ్లీ గుర్తుపట్టడానికి సైటు పెట్టే చిన్న ఫైళ్లను) దాచుకుంటుంది, ఫారాల్లో మీరు నింపిన పేరూ ఫోను నంబరూ గుర్తుపెట్టుకుంటుంది. ఇన్‌కాగ్నిటో విండో తెరిచినప్పుడు పాత కుకీలేవీ లేని స్థితిలో మొదలుపెట్టి, చూసిన సైట్లను హిస్టరీలో గానీ, ఫారాల్లో నింపినవాటిని గానీ కొత్తగా రాసుకోకుండా, పని జరుగుతున్నంతసేపు కుకీలను తాత్కాలికంగా ఉంచుకుని, చివరి ఇన్‌కాగ్నిటో విండో మూసిన క్షణాన వాటిని పారేస్తుంది. అది చేసే పని ఇంతే. 2005లో ఆపిల్ సఫారీలో ఈ సదుపాయం వచ్చినప్పుడూ, 2008లో క్రోమ్ దానికి ఇన్‌కాగ్నిటో అని పేరు పెట్టినప్పుడూ, 2009లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, ఫైర్‌ఫాక్స్ అదే దారి పట్టినప్పుడూ ప్రధానోద్దేశం ఇదే: ఒకే కంప్యూటరును నలుగురు వాడేచోట ఒకరు చూసినవి మరొకరి కంట పడకూడదు.

అందుకని నేను ఎవరికి చెప్పినా ఒక్క మాటే చెబుతాను. మీరు లేచి వెళ్లాక అదే కుర్చీలో కూర్చునే మనిషి నుంచి దాచడానికే ఇన్‌కాగ్నిటో. మీ కంప్యూటరు నుంచి బయలుదేరిన సమాచారం ఏ దారిన పోతుందో, ఆ దారిలో కూర్చున్నవాళ్ల నుంచి అది దేన్నీ దాచదు. 2010లో స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ సదుపాయాన్ని పరీక్షించినప్పుడు కూడా ముందుగా ఈ విభజనే చేశారు: కంప్యూటరు చేతికి చిక్కినవాడు ఒకడు, ఇంటర్నెట్టులో అవతలి కొసన ఉన్న సైటు మరొకటి. మీ రెండు ప్రశ్నలకూ వేర్వేరు జవాబులు రావడానికి కారణం కూడా అదే.

ఇప్పుడు ఆఫీసు సంగతికి వస్తాను. మీరు ఒక ఉద్యోగాల సైటు పేరు టైపు చేసి ఎంటర్ నొక్కగానే ల్యాప్‌టాప్ ముందు ఆ పేరుకు సరిపోయే ఇంటర్నెట్ చిరునామా ఏమిటని అడుగుతుంది. ఆఫీసుల్లో ఈ ప్రశ్న చాలావరకు ఆఫీసు సర్వరుకే వెళుతుంది. తర్వాత వై-ఫై రౌటరు, వచ్చీపోయే సమాచారానికి కాపలా కాసే ఫైర్‌వాల్ దాటుకుని, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ మీదుగా ఆ సైటును చేరుతుంది. మీరు తెరిచింది మామూలు విండోనా ఇన్‌కాగ్నిటో విండోనా అన్నది ఫైర్‌వాల్‌కు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. రెండూ దానికి ఒకటే. ఏ సమయానికి, ఏ ల్యాప్‌టాప్ నుంచి, ఏ సైటుకు, ఎంత డేటా వెళ్లిందో ఒక వరుసలో రాసుకుంటుంది.

ఒక ఊరట మాత్రం ఉంది. సైటు చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో (https) మొదలైతే సమాచారం గుప్తంగా మూసి వెళుతుంది కాబట్టి దారిలో ఉన్నవాళ్లకు సాధారణంగా సైటు పేరు వరకే కనబడుతుంది. మీరు ఏ కంపెనీ ప్రకటన చదివారో, రెజ్యూమెలో ఏం రాశారో కనబడదు. అయితే ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ విషయంలో ఈ ఊరటను కూడా నమ్ముకోవద్దని చెప్పాలి. కొన్ని సంస్థలు తమ సొంత భద్రతా సర్టిఫికెట్టును ల్యాప్‌టాప్‌లో ముందే వేసి ఇస్తాయి. అప్పుడు ఫైర్‌వాల్ ఆ సమాచారాన్ని మధ్యలో విప్పి చూసి, మళ్లీ మూసి పంపగలదు. దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. ఏదైనా సైటు తెరిచి, చిరునామాకు ఎడమవైపున్న గుర్తు నొక్కి, సర్టిఫికెట్టు వివరాల్లోకి వెళ్లి, దాన్ని జారీ చేసింది ఎవరో చూడండి. అక్కడ మీ సంస్థ పేరో, ఫైర్‌వాల్ తయారుచేసే కంపెనీ పేరో కనబడితే పేజీలో ఉన్నదంతా వాళ్లు చదవగలరని అర్థం. క్రోమ్ మెనూలో అడుగున ఈ బ్రౌజరును మీ సంస్థ నిర్వహిస్తోందన్న వాక్యం ఉన్నా, దాని మీద వాళ్ల అజమాయిషీ ఉందనే లెక్క. వీటికి తోడు స్క్రీన్‌ను ఫొటోలు తీసే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ గనక ఉంటే, బ్రౌజరు ఏం దాచినా ప్రయోజనం లేదు.

నా అనుభవంలో జరిగిన ఒక సంఘటన చెబుతాను. ఒక చిన్న సంస్థలో ఇంటర్నెట్ నెమ్మదించిందని, ఎవరు ఎక్కువ వాడుతున్నారో జాబితా ఇమ్మని యజమాని అడిగారు. ఫైర్‌వాల్ నుంచి వారం రోజుల నివేదిక తీసి, ల్యాప్‌టాప్ పేర్లతో సహా ఉన్నదున్నట్టు ఇచ్చాను. అందులో వీడియో సైట్లతో పాటు ఉద్యోగాల సైట్లు కూడా ఉన్నాయి. మర్నాడు ఒక కుర్రవాడిని పిలిచి, మానేసే ఆలోచనలో ఉన్నావా అని అడిగారట. అతను తర్వాత నా దగ్గరకు వచ్చి, అన్నీ ఇన్‌కాగ్నిటోలోనే చూశాను కదండీ, ఎలా తెలిసింది అని అడిగాడు. అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అడిగింది వేగం గురించి అయినప్పుడు మనుషుల పేర్లు ఇవ్వవలసిన పని లేదని నాకు ఆ రోజే తోచి ఉండవలసింది. అప్పటి నుంచి సైట్లవారీ మొత్తాలు మాత్రమే ఇస్తున్నాను. పేర్లు కావాలంటే కారణం రాతపూర్వకంగా అడుగుతున్నాను. కానీ నాలాంటి వాడు మీ ఆఫీసులో ఉంటాడన్న భరోసా మీద మీరు ఆధారపడకూడదు.

కాబట్టి ఉద్యోగం వెతికే పనికి సొంత ఫోను, సొంత మొబైల్ డేటా వాడండి. ఫోను మీదైనా ఆఫీసు వై-ఫైకి కలిపి ఉంటే సైటు పేర్లు మళ్లీ అదే ఫైర్‌వాల్‌లో పడతాయి. ఆఫీసు ల్యాప్‌టాప్ క్రోమ్‌లో మీ సొంత జీమెయిల్‌తో సైన్ ఇన్ చేసి సింక్ పెట్టి ఉంటే అది కూడా తీసేయండి. లేకపోతే ఇంట్లో ఫోనులో చూసిన సైట్ల హిస్టరీ ఆఫీసు యంత్రంలోకి వచ్చి చేరుతుంది. వీపీఎన్ (మీ సమాచారాన్ని మరో సంస్థ సర్వరు మీదుగా పంపే సేవ) వేసుకోవచ్చా అని అడుగుతారేమో. ఆఫీసు యంత్రంలో అనుమతి లేకుండా వీపీఎన్ వేయడమే చాలాచోట్ల క్రమశిక్షణా చర్యకు కారణమవుతుంది. పైగా వీపీఎన్ వాడితే దారిలో చూసేవాడు మారతాడు గానీ లేకుండా పోడు. 2022 ఏప్రిల్‌లో మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం సర్వీసు ప్రొవైడర్లు లాగ్‌లను (వాడకపు నమోదులను) 180 రోజులు ఉంచాలి, వీపీఎన్ సంస్థలు వినియోగదారుల వివరాలను 5 సంవత్సరాలు భద్రపరచాలి.

ఈ విషయాన్ని బ్రౌజరు దాచిపెట్టిందని కూడా అనలేము. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో తెరవగానే వచ్చే నల్లటి పేజీలో, మీరు చూసేవి సైట్లకు, మీ యాజమాన్యానికి లేదా పాఠశాలకు, ఇంటర్నెట్ ఇచ్చేవారికి కనబడవచ్చని రాసే ఉంటుంది. చదివేవాళ్లు తక్కువ, చదివి సరిగ్గా అర్థం చేసుకునేవాళ్లు ఇంకా తక్కువ. 2018లో 460 మందితో జరిపిన ఒక అధ్యయనంలో, ఈ వివరణలు చదివిన తర్వాత కూడా సగానికి పైగా మంది, గూగుల్ ఖాతాలో లాగిన్ అయి వెతికినా ఇన్‌కాగ్నిటోలో ఆ వెతుకులాట నమోదు కాదనే నమ్మారు. అది నిజం కాదు. లాగిన్ అయ్యారంటే మీరెవరో మీరే చెప్పినట్టు. ఆ ఖాతాలో కార్యకలాపాల నమోదు ఆపి ఉంచకపోతే, ఇన్‌కాగ్నిటోలో వెతికినవి కూడా అందులో చేరతాయి.

లాగిన్ కాకపోయినా సైట్లకు మీ ఇంటర్నెట్ చిరునామా, స్క్రీన్ కొలత, బ్రౌజరు రకం వంటివి తెలుస్తూనే ఉంటాయి. గూగుల్ మీద 2020లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వేసిన దావా ఈ విషయం మీదే. ఇన్‌కాగ్నిటోలో ఉన్నప్పుడు కూడా సైట్లలో అమర్చిన గూగుల్ ప్రకటనల, గణాంకాల పరికరాల ద్వారా తమ సమాచారం సేకరించారని వాదులు కనీసం 500 కోట్ల డాలర్ల పరిహారం కోరారు. 2024లో బయటపడిన రాజీ షరతుల ప్రకారం గూగుల్ వందల కోట్ల రికార్డులను తొలగించడానికి, ఇన్‌కాగ్నిటో మొదటి పేజీలో వాక్యాలను మరింత స్పష్టం చేయడానికి ఒప్పుకుంది. ఆ రాజీలో వాదులకు నేరుగా డబ్బేమీ రాలేదు. ఇప్పుడు ఆ పేజీలో, సైట్లు, గూగుల్‌తో సహా అవి వాడే సేవలు సమాచారం సేకరించే తీరును ఇన్‌కాగ్నిటో మార్చదని విడమరిచి ఉంటుంది. తెలుగులో క్రోమ్ వాడేవారు దయచేసి ఒక్కసారి ఆ పేజీని పూర్తిగా చదవండి.

జిరాక్స్ షాపు సంగతి వేరు. అక్కడ మీ తర్వాత కుర్చీలో కూర్చునేవాడే మీ సమస్య కాబట్టి ఇన్‌కాగ్నిటో వాడాలన్న మీ ఆలోచన సరైనదే. అయితే మూడు చోట్ల అది చేయి జారుతుంది.

మొదటిది, విండో పూర్తిగా మూయకపోవడం. క్రోమ్‌లో మీరు తెరిచిన ఇన్‌కాగ్నిటో విండోలన్నీ ఒకే తాత్కాలిక స్థితిని పంచుకుంటాయి. చివరిది మూసేదాకా కుకీలు బతికే ఉంటాయి. కళాశాల ల్యాబులో ఒక అమ్మాయి తన మెయిల్ ట్యాబు మూసి వెళ్లిపోయింది. కింద ఎవరో చిన్నది చేసి వదిలేసిన మరో ఇన్‌కాగ్నిటో విండో ఉందని ఆమె గమనించలేదు. తర్వాత వచ్చిన విద్యార్థి కొత్తగా ఇన్‌కాగ్నిటో తెరిచి మెయిల్ సైటుకు వెళ్లగానే ఆమె ఇన్‌బాక్స్ తెరుచుకుంది. అతను మంచివాడు కాబట్టి వచ్చి నాకు చెప్పాడు. అందువల్ల ముందు లాగౌట్ చేయండి, తర్వాత విండో మూయండి, తర్వాత కింది పట్టీలో టోపీ కళ్లద్దాల గుర్తున్న విండో మరేదీ మిగల్లేదని చూసుకోండి. మీరు మొదలుపెట్టే ముందు కూడా అలాంటి పాత విండోలేమైనా ఉంటే మూసేసి కొత్తది తెరవండి.

రెండవది, నేను మొదట చెప్పిన డౌన్‌లోడ్స్ ఫోల్డరు. ఇన్‌కాగ్నిటో విండో మూస్తే డౌన్‌లోడుల జాబితా పోతుంది, ఫైలు పోదు. బుక్‌మార్కు పెట్టినా అంతే, అది ఉండిపోతుంది. తెలిసినవారి నెట్ సెంటర్‌లో ఒక కంప్యూటరు నెమ్మదించిందంటే చూడటానికి వెళ్లాను. డిస్కు నిండిపోయింది. డౌన్‌లోడ్స్ తెరిస్తే ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, పదో తరగతి మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీలు, హాల్‌టికెట్లు ఏళ్ల తరబడి పేరుకుని ఉన్నాయి. యజమానిది దురుద్దేశం కాదు. వాటిని తీసేయాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ఇద్దరం కూర్చుని సాయంత్రానికి అన్నీ తొలగించాము.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అనుకోవచ్చు. ఆ పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. ఆ రెండూ అదే ఫోల్డరులో పక్కనే పడివున్న మీ పదో తరగతి మెమోలో ఉన్నాయి. ఇక పాస్‌వర్డ్ ఉన్నా లేకపోయినా తేడా ఏముంది? కాబట్టి వీలైనంతవరకు మెయిల్ ప్రివ్యూ నుంచే ప్రింటు ఇవ్వండి, డౌన్‌లోడ్ చేయకండి. డౌన్‌లోడ్ చేయక తప్పకపోతే పని కాగానే ఫైలును ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కండి. ఉత్త డిలీట్ నొక్కితే అది రీసైకిల్ బిన్‌లో కూర్చుంటుంది. ఆధార్ సంఖ్య మొత్తం అవసరం లేని చోట్ల, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ (యూఐడీఏఐ) సైటు నుంచే తీసుకుని అదే ఇవ్వండి.

వాట్సాప్ వెబ్ ద్వారా ప్రింటు ఇచ్చే అలవాటు ఉంటే అది కూడా ఇన్‌కాగ్నిటోలోనే తెరవండి, పని అయ్యాక మీ ఫోనులో లింక్డ్ డివైజెస్‌లోకి వెళ్లి ఆ కంప్యూటరును తీసేయండి. ఫైలును షాపువాళ్ల నంబరుకు పంపితే అది వాళ్ల ఫోనులో కూడా ఉండిపోతుందని గుర్తుంచుకోండి. చాలామంది ఇదే సులువని చేస్తున్నారు, నాకు మాత్రం ఇది అన్నింటికంటే ఎక్కువ బాధ కలిగించే అలవాటు.

మూడవది కంప్యూటరులోనే ఉన్న దొంగ. మీరు నొక్కే ప్రతి అక్షరాన్నీ రాసుకునే కీలాగర్ అక్కడ ఉంటే ఇన్‌కాగ్నిటో దాన్ని ఏమీ చేయలేదు. ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజరుకు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) మాత్రం క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటోలో మామూలుగా పనిచేయవు, కానీ కంప్యూటరు యజమాని ఒక్కోదానికి అనుమతి ఇచ్చి ఉండవచ్చు. అంతేకాక, 2011 నాటి సైబర్ కేఫ్ నియమాల ప్రకారం నెట్ సెంటర్ నడిపేవారు ఏ కంప్యూటరులో ఏ సైట్లు చూశారన్న లాగ్‌ను కనీసం ఒక సంవత్సరం భద్రపరచాలి. అంటే చట్టబద్ధంగా నడిచే చోట కూడా మీరు చూసిన సైట్ల జాడ ఉంటుంది. అందుకే ఇతరుల కంప్యూటరులో బ్యాంకు సైటు తెరవవద్దు. ఓటీపీ వస్తుంది కదా అన్న ధైర్యం చాలదు. ఎప్పుడైనా తెరిచిన తర్వాత డబ్బు పోయినట్టు కనబడితే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

ఇంత చెప్పాక ఇన్‌కాగ్నిటో పనికిరానిదని మీరు అనుకుంటే నాకు విచారమే. నేను దాన్ని రోజూ వాడతాను. ఏదైనా సైటు సరిగ్గా తెరుచుకోవడం లేదని ఫోను వస్తే ముందు ఇన్‌కాగ్నిటోలో తెరిచి చూడమంటాను. అందులో పనిచేస్తే లోపం సైటులో లేదు, పాత కుకీలోనో ఎక్స్‌టెన్షన్‌లోనో ఉందని తేలిపోతుంది. ఒకే సైటులో రెండు ఖాతాలు ఒకేసారి తెరవాలన్నా, నా ఫోనులో స్నేహితుడు తన మెయిల్ చూసుకోవాలన్నా ఇదే మంచి దారి.

ఇంట్లో ఒకే ఫోను పదిమంది చేతుల్లో తిరిగేచోట దాని విలువ ఇంకా ఎక్కువ. ఆరోగ్య సమస్య గురించి చదువుకోవాలన్నా, హింసకు గురవుతున్న ఒక స్త్రీ సహాయం కోసం వెతకాలన్నా, హిస్టరీ మొత్తం చెరిపేస్తే ఎందుకు చెరిపావన్న ప్రశ్న వస్తుంది. ఇన్‌కాగ్నిటోలో ఆ వెతుకులాట ఒక్కటే మిగలదు, మామూలు హిస్టరీ మామూలుగానే ఉంటుంది. అయితే అలాంటి స్థితిలో ఉన్నవారు 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోను చేస్తే ఆ నంబరు కాల్ లాగ్‌లో ఉంటుందని, బ్రౌజరు దాన్ని చెరపదని తెలుసుకోవాలి. ఫోనులో గూఢచారి యాప్ ఉందన్న అనుమానం ఉంటే ఆ ఫోను కాకుండా నమ్మకస్తుల ఫోను వాడటమే మేలు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబులకు వేలిముద్ర తాళం పెట్టుకునే వీలుంది. ఐఫోన్‌లో 2023 నుంచి సఫారీ ప్రైవేటు ట్యాబులకూ అలాంటి తాళం ఉంది. పని మధ్యలో ఫోను ఎవరైనా అడిగి తీసుకునే ఇళ్లలో ఇది తప్పక పెట్టుకోండి.

మీరు ఇప్పటికే కొన్ని నెలలుగా ఆ షాపుకు వెళ్తున్నానన్నారు కాబట్టి ఈ రోజే మూడు పనులు చేయండి. గూగుల్ ఖాతాలో మీ పరికరాలు అన్న పేజీ తెరిచి, గుర్తుపట్టని కంప్యూటరు ఏదైనా ఉంటే సైన్ అవుట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి. ఉడాయ్ సైటులో లాగిన్ అయి, గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ ధ్రువీకరణకు వాడారో చూసుకుని, వేలిముద్రల తాళం పెట్టుకోండి. అవసరమైనప్పుడు మీరే తెరుచుకోవచ్చు. తర్వాత ఆ షాపుకు వెళ్లి, డౌన్‌లోడ్స్‌లో మీ పేరుతో ఉన్న ఫైళ్లు తొలగించాలని యజమానిని అడగండి. మొహమాటపడవద్దు. నేను చూసినంతవరకు అడిగితే కాదన్నవాళ్లు లేరు, మీతో పాటు మిగతావాళ్ల ఫైళ్లు కూడా ఆ పూటే పోతాయి.